హోంవర్క్ దగ్గర రోజూ ఏడుపేనా? పిల్లోడు యాడ ఇరుక్కున్నాడో కనిపెట్టి ఒక్కో మెట్టు ఎక్కించే పద్ధతి

మావోడు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు సాయంత్రం ఆరైతే చాలు మా ఇంట్లో అందరికీ దడ. ఒక్క పేజీ లెక్కలకి రెండు గంటలు. పెన్సిల్ చెక్కుతాడు, మళ్ళీ చెక్కుతాడు, నీళ్ళు కావాలంటాడు, కడుపు నొప్పంటాడు, నేను అరుస్తా, వాడు ఏడుస్తాడు, మా అత్త వంటింట్లోంచి "యాలమా పిల్లోన్ని అట్ల పీక్కుతింటావు" అని నామీదికొస్తుంది. ఒకరోజు చెయ్యి కూడా చేసుకున్నా. ఆ రాత్రి వాడు నిద్రలో ఎక్కిళ్ళు పెడతా ఉంటే నాకు అన్నం దిగలేదు.

ఇప్పుడు వాడు ఏడో తరగతి. హోంవర్క్ దానంతట అది జరిగిపోతుంది అని చెప్పను కానీ ఏడుపులు లేవు, అరుపులు లేవు. మేముండేది కడపలో ఎర్రముక్కపల్లె వైపు, మా వీధి పిల్లలు ఇంకో ఆరుగురు కూడా సాయంత్రం మా వరండాలోనే కూర్చుంటారు. డబ్బులకి కాదు, మావోడితో పాటే. ఈ మూడేళ్ళలో నాకు తెలిసొచ్చింది ఏందంటే, హోంవర్క్ చేయని పిల్లోడు సోమరి కాదు, యాడో ఒకచోట ఇరుక్కున్నాడు. ముల్లు యాడ దిగిందో చూడకుండా కాలంతా పిసికితే పిల్లోడు అరవక ఏం చేస్తాడు? మనం చేసేది అదే. ముందు ముల్లు చూడాల. కింద రాసిందంతా దాని గురించే, వరసగా చేసుకుంటా పోండి, అన్నీ ఒక్కరోజే మొదలుపెట్టొద్దు.

1. ఒక వారం ఊరికే చూడండి

ఈ వారం అరవొద్దు, నేర్పించొద్దు, ఏమీ మార్చొద్దు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రోజూ మూడు ముక్కలు రాయండి. ఎన్నింటికి కూర్చున్నాడు, ఏ పని దగ్గర ఆగాడు, ఆగినప్పుడు ఏం చేశాడు. అంతే.

నేను ఇట్ల రాస్తే నాలుగో రోజుకి కనపడింది. మావోడు కూడికలు గబగబా చేస్తాడు, మామూలు తీసివేతలు చేస్తాడు, పై అంకెలో సున్నా ఉన్న తీసివేత వచ్చిందంటే సరిగ్గా అప్పుడే పెన్సిల్ ముల్లు విరుగుతుంది. నాలుగు రోజులూ అంతే. నేనేమో ఏడాది పాటు "వీడికి లెక్కలంటే పడదు" అని చుట్టాలందరికీ చెప్పుకుంటా తిరిగినా, వాడి ముందే. వాడికి పడనిది లెక్కలు కాదు, ఒకే ఒక్క రకం లెక్క.

మా వరండాలో చూసినంతవరకూ పిల్లలు ఇరుక్కునే చోట్లు కొన్నే ఉంటాయి. ఒకటి, ప్రశ్న ఏం అడుగుతుందో అర్థం కాకపోవడం, ఇది ఇంగ్లీష్ మీడియం పిల్లల్లో శానా ఎక్కువ. రెండు, పునాది లేకపోవడం, అంటే ఐదో తరగతి భాగహారం ఇచ్చినారు, వాడికి మూడో తరగతి ఎక్కాలే రావు. మూడు, విషయం తెలుసు, నోటితో అడిగితే టకటకా చెప్తాడు, రాయమంటేనే చెయ్యి కదలదు. నాలుగు, మొదలుపెట్టలేకపోవడం, కూర్చున్నాక చేస్తాడు కానీ కూర్చోబెట్టేసరికి గంట. ఐదు, ఆకలి, నిద్ర, కళ్ళు. ఆరోది భయం, తప్పు రాస్తే సార్ కొడతాడేమో, అమ్మ తిడతాదేమో అని అసలు రాయకుండానే కూర్చోవడం. ఒక్కో పిల్లోడికి ఇందులో రెండు మూడు కలిసి కూడా ఉంటాయి. ఏది ఉందో తెలిస్తేనే తర్వాత మెట్లలో మీకు ఏది ఎక్కువ పనికొస్తుందో తెలుస్తుంది.

2. ముందు ఒళ్ళు, తర్వాతే చదువు

మా వరండాకి వచ్చే ఒక పాప డైరీలో హోంవర్క్ ఎప్పుడూ తప్పే రాసుకొస్తుండె. 36వ పేజీ అంటే 38 అని, ఇంకోసారి సగం వాక్యమే. ఇంట్లో దెబ్బలు, బడిలో దెబ్బలు. నేను వరండాలో గోడకి చిన్న బోర్డు పెట్టి దూరం నుంచి చదవమంటే కళ్ళు చికిలించి చూస్తాంది. కళ్ళజోడు పడినాక ఆ పాప డైరీ సమస్యే లేదు. అందుకే అడుగుతున్నా, ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించండి, బోర్డు కనపడట్లేదని పిల్లలు వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, అందరికీ అట్లనే కనపడుతుంది అనుకుంటారు. చెవి కూడా అంతే, పిలిస్తే పలకడు, రెండుసార్లు చెప్పించుకుంటాడు అంటే పొగరు అనుకోకుండా ఒకసారి చూపించండి. ప్రభుత్వ బడుల్లో అయితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల టీమ్ వస్తుంది, 2013 నుంచి ఉంది ఇది, వాళ్ళు వచ్చినప్పుడు మీ పిల్లోడి సంగతి టీచర్‌తో ముందే చెప్పి పెట్టుకోండి.

నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడుల్లోనే ఇస్తారు, ఆ రోజు పిల్లోన్ని బడి మాన్పించొద్దు. నులిపురుగులుంటే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే నీరసం, నీరసంగా ఉన్నోడు ఏం రాస్తాడు.

నిద్ర సంగతి చాలా ఇళ్ళల్లో పట్టించుకోరు. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాల. మనమేమో రాత్రి పదకొండు దాకా సీరియళ్ళు, ఫోన్లు, పొద్దున ఆరింటికి లేపడం. ఏడు గంటల నిద్రతో లేచినోడికి సాయంత్రం లెక్కలు ఎక్కవు, మీరు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కవు.

బడి నుంచి రాగానే పుస్తకం తీయించొద్దు. కాళ్ళు చేతులు కడుక్కుని ఏదైనా తిని కనీసం అరగంట, నలభై నిమిషాలు ఆడుకోనీండి. తినడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు, చెనిక్కాయలూ బెల్లం, బొరుగుల్లో పప్పుల పొడి కలిపి, అరటిపండు, ఉంటే ఒక గ్లాసు మజ్జిగ.

3. అసలు ఎంత హోంవర్క్ ఉండాల?

ఇది తెలిసినాక నాకు ధైర్యం వచ్చింది. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో ఒకటి రెండు తరగతులకి హోంవర్కే వద్దు అని ఉంది. మూడు నుంచి ఐదు దాకా వారం మొత్తానికి కలిపి 2 గంటలు. ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకి గంటకి మించకూడదు. తొమ్మిది నుంచి పైన రోజుకి 2 గంటలు. దానికి ముందే 2018లో మద్రాస్ హైకోర్టు కూడా ఒకటి రెండు తరగతులకి హోంవర్క్ ఇవ్వొద్దని చెప్పింది. ఇంకా ముందు 1993లోనే యశ్‌పాల్ కమిటీ పిల్లల మీద చదువు బరువు గురించి ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చింది.

ఇప్పుడు మీ ఇంట్లో లెక్క చూసుకోండి. నాలుగో తరగతి పిల్లోడు రోజూ రెండు గంటలు కూర్చుంటున్నాడంటే వారం మొత్తానికి ఉండాల్సింది ఒక్క సాయంత్రంలో చేస్తున్నాడు. ఈ పాలసీ తీసుకెళ్ళి బడిలో గొడవ పెట్టుకోమని కాదు నేను చెప్పేది. మీ మనసులో ఒక గీత గీసుకోవడానికి. మా ఇంట్లో నాలుగు ఐదు తరగతుల వాళ్ళకి రోజుకి 40 నిమిషాలు, ఆరు ఏడు వాళ్ళకి గంట. ఆ టైం అయిపోతే పని మిగిలినా పుస్తకం మూసేస్తాం. ఎట్ల మూయాలో, టీచర్‌కి ఏం చెప్పాలో తర్వాత చెప్తా. టైంకి ఒక అంతం ఉంది అని తెలిస్తే పిల్లోడు మొదలుపెట్టడానికి భయపడడు, రాత్రి పదింటిదాకా లాగుతారు అని తెలిస్తే ఎవరు మొదలుపెడతారు చెప్పండి.

4. టైం, చోటు

రోజూ ఒకే టైం పెట్టండి. మాకు ఆరున్నర. మీకు నీళ్ళు వచ్చే టైం, షాపు మూసే టైం, అవన్నీ చూసుకుని మీరు పక్కన కూర్చోగలిగిన టైం పెట్టుకోండి, ఎందుకంటే మొదటి రెండు నెలలు మీరు పక్కన ఉండాల్సిందే. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు పెట్టినాక ఈ టైం మార్చాల. పిల్లోడు మిట్టమధ్యాన్నం కడప ఎండలో ఇంటికొస్తాడు, "ఖాళీనే కదా, రెండింటికి కూర్చో" అంటే జరగని పని. మధ్యాన్నం పడుకోనిచ్చి పొద్దు వాలినాక మిద్దె మీద చాపేసి కూర్చోబెట్టండి, ఎండాకాలం మా వరండా మొత్తం మిద్దె మీదికే పోతుంది.

చోటు అంటే టేబుల్, కుర్చీ, రూం అనుకోవద్దు. మాది రెండు గదుల ఇల్లు, టీవీ ఉన్న గదిలోనే అందరం. మా అత్త ఏడింటి సీరియల్ వదలదు, పెద్దామె, ఆమెకి అదొక్కటే కాలక్షేపం, ఆమెని తప్పు పట్టలేను. నేను ఆమె దగ్గర కూర్చుని "అత్తా, ఆరున్నర నుంచి ఏడు దాకా వాడికోసం టీవీ కట్టేద్దాం, ఏడింటికి నువ్వు పెట్టుకో" అని అడిగినా. ఆ రోజు నుంచి ఆరున్నరకి టీవీ కట్టేసేది ఆమెనే. వాడు మిగిలింది వరండాలో చేసుకుంటాడు. ఇంట్లో పెద్దోళ్ళని అడిగితే సాయం చేస్తారు, చెప్పకుండా విసుక్కుంటేనే గొడవ.

ఒక పాత స్వీట్ డబ్బాలో రెండు చెక్కిన పెన్సిళ్ళు, రబ్బరు, స్కేలు, పెన్ను, రఫ్ పేపర్లు పెట్టి ఉంచండి. లేచి వెతుక్కునే పని ఒక్కటి కూడా ఉండకూడదు. మీ ఫోన్ కూడా ఆ టైంలో వేరే గదిలో పెట్టండి, వాడిని చదవమని చెప్పి మనం రీల్స్ చూస్తా కూర్చుంటే వాడి కళ్ళు మన ఫోన్ మీదే ఉంటాయి.

5. మొదలుపెట్టించడం

ముందు డైరీ తీసి ఏమేం ఉన్నాయో వాడితోనే ఒక పేపర్ మీద రాయించండి. ఇంగ్లీష్ 5 ప్రశ్నలు, లెక్కలు 8, తెలుగు పద్యం చూసి రాయడం. ఇంత కొండలాగా అనిపించింది మూడు లైన్లకి వస్తుంది, వాడికి అదే సగం బరువు దించినట్టు. తర్వాత "ఏది ముందు చేస్తావు" అని వాడినే అడగండి. నేనైతే సులువుగా ఉండేది ఒకటి ముందు, కష్టమైనది రెండోది, మిగిలింది ఆఖర్న అని నేర్పించినా, కష్టమైనది ఆఖరికి పెడితే అప్పటికి వాడిలో ఓపిక ఉండదు. కానీ వాడు వేరేగా చేస్తానంటే చేయనీండి.

లెక్కల పేజీ చూసి బెదిరిపోయే పిల్లోడికి ఒక చిన్న పని చేయండి. ఇంకో పుస్తకం తీసుకుని పేజీ మొత్తం మూసేయండి, ఒక్క లెక్క మాత్రం కనపడేట్టు. అది అయినాక పుస్తకం కిందికి జరపండి. ఇది ఇంత చిన్నదా అనిపిస్తుంది, నాకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే.

15 నిమిషాలు పని, 5 నిమిషాలు ఆట. గడియారం వాడి ముందు పెట్టండి. ఆ ఐదు నిమిషాల్లో ఫోన్ ఇవ్వొద్దు, ఇస్తే వెనక్కి తీసుకోవడానికి ఇంకో యుద్ధం. నీళ్ళు తాగడం, మిద్దె ఎక్కి దిగడం, కుక్కపిల్లకి రొట్టె ముక్క వేయడం, ఇట్లాంటివి.

6. నేర్పించే పద్ధతి, ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తా

జవాబు చెప్పొద్దు. చెప్తే ఆ రోజు పని అయిపోతుంది, రేపు మళ్ళీ అక్కడే ఆగుతాడు. ఆగినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. "ఇందులో ఏం అడుగుతున్నారు?" "నీకు ఇంతవరకు ఏం తెలుసు?" "యాడిదాకా వచ్చింది నీకు?" వాడు నోటితో చెప్పేటప్పుడే ముల్లు యాడుందో మీకు కనపడుతుంది.

మావోడి తీసివేత సంగతి చెప్తా. 503 లోంచి 278 తీసేయాల. వాడు 3లోంచి 8 పోదు, పక్కన అప్పు తెచ్చుకుందామంటే సున్నా ఉంది, సున్నా దగ్గర ఏం అప్పు తెచ్చుకుంటాం అని ఆగిపోతాడు. బడిలో "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని చెప్పింటారు కదా, పక్కింట్లో ఏమీ లేదు, వాడు ఆగడం న్యాయమే. నేను పేపర్ ముక్కలు కత్తిరించి నోట్లు చేసినా, వంద నోట్లు ఐదు, రూపాయలు మూడు, పది నోటు ఒక్కటీ లేదు. "నాయనా, నేను కిరాణా షాపు, నువ్వు నాకు 278 ఇయ్యాల" అన్నా. వాడు రెండు వందలు ఇచ్చి డెబ్బై కోసం వెతికినాడు, తర్వాత "చిల్లర మార్చుకొస్తా మా" అన్నాడు. అంతే, వచ్చేసింది. ఒక వంద మార్చి పది పదులు, అందులో ఒక పది మార్చి పది రూపాయలు. ఇప్పుడు వాడి చేతిలో నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు రూపాయలు. మొత్తం అదే 503. ఇందులోంచి 2 వందలు, 7 పదులు, 8 రూపాయలు ఇస్తే మిగిలింది 225. పుస్తకంలో సున్నా మీద 9 ఎందుకు రాస్తారో ఆ రోజు వాడికి తెలిసింది, నిజం చెప్పాలంటే నాకు కూడా ఆ రోజే సరిగ్గా తెలిసింది. మూడు రోజులు నోట్లతో చేసి నాలుగో రోజు నోట్లు తీసేసి పుస్తకంలో చేయించినా.

ఎక్కాలు రాని పిల్లలకి రెండు నుంచి ఇరవై దాకా వరసగా బట్టీ పెట్టించొద్దు. ముందు 2, 5, 10. తర్వాత 4, ఎందుకంటే అది 2వ ఎక్కానికి రెట్టింపు. దాని రెట్టింపు 8. తర్వాత 3, దాని రెట్టింపు 6, ఆ తర్వాత 9, పదో ఎక్కంలోంచి ఒకసారి తీసేస్తే తొమ్మిది. ఆఖర్న 7. మూడు ఏడులూ ఏడు మూడులూ ఒకటే అని చెనిక్కాయలు వరసలు పేర్చి చూపించండి, అప్పటికి ఏడో ఎక్కంలో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏడేళ్ళు నలభై తొమ్మిది ఒక్కటే మిగుల్తుంది. రోజుకి ఐదు నిమిషాలు, హోంవర్క్ టైంలో కాదు, బడికి నడిచి పోయేటప్పుడు. ఎక్కాలు వచ్చేలోపు హోంవర్క్‌లో భాగహారాలు వస్తే ఎక్కాల పట్టిక ఎదురుగా పెట్టి చేయనీండి, అది దొంగతనం కాదు, లేకపోతే ఎక్కం కోసం తడుముకుంటా భాగహారం ఎట్ల చేయాలో మర్చిపోతాడు.

ఇంగ్లీష్ మీడియం గురించి. మన ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు లేదా ఉర్దూ, పుస్తకం ఇంగ్లీషు. మన రాష్ట్ర ప్రభుత్వ పుస్తకాలు 2020 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండేట్టు వచ్చినాయి. అట్లాంటి పుస్తకం ఉంటే ముందు తెలుగు పేజీ చదివించండి, అర్థమైనాక ఇంగ్లీష్ పేజీకి పోండి. చాలామంది "ఇంగ్లీష్ రావాలంటే తెలుగు చూడొద్దు" అంటారు, నేను ఒప్పుకోను, విషయం బుర్రలోకి పోయినాక మాట ఏ భాషలో ఉన్నా పట్టుకుంటారు. ప్రైవేట్ బడి పిల్లలైతే చివరి పేజీలో మాటల పట్టిక రాయించండి. పెరిమీటర్ అంటే చుట్టుకొలత, ఏరియా అంటే వైశాల్యం, ఫ్రాక్షన్ అంటే భిన్నం, ఫ్యాక్టర్ అంటే కారణాంకం, మల్టిపుల్ అంటే గుణిజం. చేనికి కంచె వేస్తే చుట్టుకొలత, చేనంతా విత్తనం చల్లితే వైశాల్యం అని చెప్తే మన పల్లె పిల్లలకి ఇంక మర్చిపోయేదే లేదు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళల్లో ఆ పట్టికలో ఉర్దూ మాట కూడా రాసుకోమనండి.

చదివే హోంవర్క్, అంటే ప్రశ్న జవాబులు నేర్చుకురమ్మంటే పది సార్లు పైకి చదవడం మానేయండి. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత చెప్పడం, తెరిచి చూసుకోవడం, మళ్ళీ మూయడం. 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు అమెరికాలో కాలేజీ పిల్లల మీద పరీక్ష చేసినారు, మళ్ళీ మళ్ళీ చదివినోళ్ళకంటే మూసి గుర్తు చేసుకున్నోళ్ళకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. స్పెల్లింగులకీ ఇదే పద్ధతి, చూడు, మూయి, రాయి, తెరిచి దిద్దుకో. ఈరోజు నేర్చుకున్న ఐదు మాటలు ఎల్లుండి ఒకసారి, వచ్చే వారం ఒకసారి అడగండి.

చెయ్యి నొప్పి, రాత నిదానం ఉన్న పిల్లోడికైతే ముందు జవాబు నోటితో చెప్పించుకోండి, తర్వాత రాయనీండి. ఆలోచించడం, రాయడం రెండూ ఒకేసారి చేయలేక ఆగే పిల్లలు ఉన్నారు.

7. ఏడుపు వచ్చినప్పుడు

ఏడుస్తా ఉన్నప్పుడు ఏం చెప్పినా ఎక్కదు, ఆపేయండి. పుస్తకం మూసి నీళ్ళు ఇచ్చి పక్కన కూర్చోండి, మాట్లాడక్కర్లేదు కూడా. పది నిమిషాల తర్వాత "ఇది కష్టంగానే ఉంది, మొదటి లైన్ నేను చెప్తా, రెండోది నువ్వు చెప్పు" అని మొదలుపెట్టండి. మీకు కోపం వస్తా ఉందని తెలిస్తే మీరే లేచిపోండి, "నాకు కోపమొస్తాంది, కొంచెం సేపు అవతలికి పోయొస్తా" అని చెప్పి పోండి, పిల్లోడికి అర్థమవుతుంది.

కొన్ని మాటలు మా ఇంట్లో పూర్తిగా మానేసినాం. "ఇంత చిన్నది రాదా?" ఇది అన్నిటికంటే చెడ్డది, చిన్నది కూడా రాలేదంటే నేను దేనికీ పనికిరాను అని వాడు అనుకుంటాడు. "మీ చిన్నాయన కొడుకు చూడు ఎట్ల చదువుతాడో." "గొర్రెలు కాసుకుంటావా?" గొర్రెలు కాసేవాళ్ళ పిల్లలు కూడా మా వరండాలో కూర్చున్నారు, ఆ మాట వింటే వాళ్ళకి ఎట్లుంటుంది. మెచ్చుకునేటప్పుడు కూడా "నువ్వు తెలివైనోడివి" అని కాకుండా చేసిన పనిని చూపించండి, "నిన్న రెండు దగ్గర ఆగినావు, ఈరోజు ఐదోదాకా వచ్చినావు".

కొట్టొద్దు. నేను కొట్టినా కాబట్టే చెప్తున్నా, దాని తర్వాత మూడు నెలలు వాడు రాని లెక్క నాకు చూపించకుండా దాచిపెట్టినాడు. బడిలో కొట్టడం కూడా విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ ప్రకారం తప్పు, మాటలతో అవమానించడం కూడా అందులోనే ఉంది.

8. టీచర్‌తో మాట్లాడటం

టైం అయిపోయినాక పుస్తకం మూసేసినాం కదా, డైరీలో ఇట్ల రాయండి. "నమస్తే సార్. బాబు నిన్న 40 నిమిషాలు కూర్చుని 10 లెక్కల్లో 6 చేశాడు. పైన సున్నా ఉన్న తీసివేత అర్థం కాలేదు, నేనే ఆపించాను. ఒకసారి చూపించగలరా." ఇందులో ఫిర్యాదు లేదు, సాకు లేదు, ఎంత చేశాడో యాడ ఆగాడో ఉంది. నలభై మంది పిల్లలున్న క్లాసులో టీచర్‌కి ఎవరు యాడ ఆగారో తెలియడం కష్టం, మనం చెప్తే వాళ్ళకీ సులువు.

అన్ని చోట్లా మంచిగా తీసుకోరు. మా పాత బడిలో ఒక టీచర్ ఆ నోట్ చదివి క్లాసంతా వినేట్టు "వీళ్ళమ్మ లెటర్లు రాస్తాదంట" అని నవ్వించినారు. వాడు వారం రోజులు బడికి పోనన్నాడు. నేను పోయి పక్కన పిలిచి నిదానంగానే మాట్లాడినా, రెండోసారి మళ్ళీ అట్లనే జరిగితే హెడ్‌మాస్టర్ దగ్గరికి పోయినా, తర్వాత ఆగింది. భయపడొద్దు, మన పిల్లోడి కోసం మనం కాకపోతే ఎవరు అడుగుతారు. కుదిరితే మూడు విషయాలు అడగండి: పది లెక్కలకి బదులు ఐదు ఇవ్వగలరా, రాత బదులు కొన్ని నోటితో అప్పజెప్పించుకోగలరా, బోర్డు దగ్గరగా కూర్చోబెట్టగలరా.

ట్యూషన్ గురించి ఒక మాట. ట్యూషన్‌లో హోంవర్క్ చేయించి పంపిస్తున్నారు అంటే సంతోషపడే ముందు ఆ నోట్‌బుక్‌లో రెండు లెక్కలు ఇంట్లో మళ్ళీ అడగండి. రాకపోతే అక్కడ బోర్డు మీద జవాబులు రాసి కాపీ చేయిస్తున్నారన్నమాట. ఆ డబ్బులు దండగ, పిల్లోడి ఆట టైం కూడా దండగ.

9. అమ్మానాన్నలకి చదువు రాకపోతే

మా వరండాలో ముగ్గురి తల్లులకి చదవడం రాదు. ఒకామె కూలికి పోతుంది, ఒకాయన నాపరాయి పాలిష్ పనికి పోయి రాత్రి ఎనిమిదింటికి వస్తాడు. వాళ్ళు "మాకేం తెలుసమ్మా" అంటారు, నేను ఒప్పుకోను. చదువు రానోళ్ళు చేయగలిగింది చదువొచ్చినోళ్ళు చేయలేరు, పిల్లోడితో "నాకు నేర్పించురా" అని అడగడం. ఆ కూలికి పోయే తల్లి రోజూ అన్నం వండుతా కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈరోజు బడిలో ఏం చెప్పినారో చెప్పించుకుంటుంది, అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పు పాపా" అంటుంది, నిజంగా అర్థం కాకే అడుగుతుంది. ఆ పాప ఇప్పుడు సైన్స్‌లో క్లాస్ ఫస్ట్, ఆ తల్లికి కిరణజన్య సంయోగక్రియ అంటే ఏందో తెలుసు. డైరీలో ఎన్ని పనులున్నాయి, ఎన్ని అయినాయి అని లెక్కపెట్టడానికి, టైంకి కూర్చోబెట్టడానికి, పక్కన ఉండటానికి చదువు రానక్కర్లేదు. వీధిలో పెద్ద తరగతి అక్కనో అన్ననో వారానికి రెండు రోజులు గంట సేపు అడిగితే కాదనరు.

10. ఎంత చేసినా మారకపోతే

పైన చెప్పినవన్నీ రెండు మూడు నెలలు చేసి కూడా పిల్లోడు అక్షరాలు తిరగేసి రాస్తా ఉన్నా, నిన్న చదివిన మాట ఈరోజు కొత్తగా చూసినట్టు చూస్తున్నా, కథ వింటే బాగా చెప్తాడు కానీ చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా ఉన్నా, అంకెలు ఏది పెద్దదో పోల్చలేకపోతున్నా, డాక్టర్‌కి చూపించండి. డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌కాల్కులియా (లెక్కల్లో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) అనేవి ఉంటాయి, వాటిని తెలివి తక్కువతనం అనుకోవద్దు. ఇవి 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 రకాల్లో ఉన్నాయి. మూడో తరగతి లేదా ఎనిమిదేళ్ళ వయసు దగ్గర దీన్ని గుర్తించే పరీక్ష చేస్తారు, అంతకంటే చిన్న పిల్లలు తిరగేసి రాస్తే కంగారు పడక్కర్లేదు. కుదురుగా ఐదు నిమిషాలు కూడా కూర్చోలేని పిల్లోడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక కుదురుగా ఉండలేని సమస్య, ఉందేమో కూడా డాక్టరే చూడాల, మనం ఇంట్లో పేరు పెట్టొద్దు.

ముందు పెద్దాసుపత్రికి పోయి జిల్లా బాలల సత్వర చికిత్స కేంద్రం, అందరూ డీఈఐసీ అంటారు, అది యాడుందో అడగండి. మండలాల్లో ఇట్లాంటి ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉంటాయి, మీ బడి హెడ్‌మాస్టర్‌ని అడిగితే యాడుందో చెప్తారు. సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో ఎక్కువ టైం, రాసిపెట్టే మనిషి లాంటి సౌకర్యాలు అడగొచ్చు. "సర్టిఫికెట్ అంటే పిల్లోడికి మచ్చ" అని చుట్టాలు అంటారు, వాళ్ళ మాట వినొద్దు. పిల్లోడు నిద్రపోక, తిండి తినక, చచ్చిపోతా లాంటి మాటలు అంటుంటే హోంవర్క్ మొత్తం పక్కన పెట్టేసి అదే రోజు మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి, 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ నంబర్, తెలుగులో మాట్లాడతారు.

మొదటి రోజు ఎట్ల మొదలుపెట్టాలి అంటే

వారం చూసినాక వచ్చే సోమవారం ఆరున్నరకి డబ్బా తెచ్చి పెట్టండి, టీవీ కట్టేయండి, వాడి పక్కన చాప మీద కూర్చోండి. మొదటి రోజు 15 నిమిషాలు చాలు, ఎంతయితే అంత. రెండో వారం 15 కి ఇంకో 15 కలపండి. రెండు నెలలు పోయినాక మీరు పక్క నుంచి కొంచెం దూరం జరగండి, కూరగాయలు తరుగుతానో బట్టలు మడతపెడతానో అదే గదిలో ఉండండి. పరీక్షల వారంలో మళ్ళీ పక్కకి రండి, అప్పుడు వాడికి అవసరం. అన్నం తినేముందు బ్యాగ్ సర్దించి చెప్పుల పక్కన వాకిలి దగ్గర పెట్టించండి, ఆ తర్వాత ఆ రాత్రికి హోంవర్క్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు, మీ ఆయన పని నుంచి వచ్చి "ఏం రా, రాసినావా" అని అడగబోయినా సరే, ముందే ఆయనకి చెప్పి పెట్టుకోండి.